ఆరింటి బస్సు

మార్చి 2
ఇంటర్వ్యూ రిజల్ట్ ఇంకా రాలేదు. గంటకోసారి మెయిల్ తెరుస్తున్నాను, మూస్తున్నాను. ఆ ఫోన్‌కే నోరుంటే నన్ను ఈపాటికి తిట్టిపోసేదట. అమ్మ అంటోంది.

ఖాళీగా ఉన్నానని హెడ్మాస్టారు పని అంటగట్టారు. అత్తకి సేవా పురస్కారం ఇప్పించాలట. ఫారం నింపాలి. మేలు పొందినవాళ్ళ పేర్లు, సంతకాలు పది కావాలి.

అత్త నాన్నకి అక్క. ముప్పై ఒక్కేళ్ళుగా ఆమె పని ఒకటే. పెద్దాసుపత్రికి తోడు లేనివాళ్ళతో తెల్లవారుజామున ఆరింటి బస్సెక్కుతుంది. ఏ కిటికీ దగ్గర చీటీ రాయించాలో, ఏ నర్సుకి కోపమెక్కువో ఆమెకి తెలుసు. రోగి అడగడానికి భయపడే ప్రశ్న డాక్టర్ని తనే అడుగుతుంది. సాయంత్రానికి మనిషిని ఊరు చేరుస్తుంది.

పది పేర్లంటే ఎంత, ఒక్క పూట పని.

మార్చి 4
టైలర్ షాపుకి వెళ్ళాను. అత్త ఆయన్ని ఏడాదిపాటు తీసుకెళ్ళిందని చిన్నప్పుడు ఇంట్లో విన్న గుర్తు. ముగ్గురు కస్టమర్ల ముందే అడిగాను. కత్తెర ఆగింది. తనసలు ఆసుపత్రి గడపే తొక్కలేదన్నాడు. కొలతలకొచ్చినావిడ, మరి ఆ దగ్గు దానంతటదే విసుగొచ్చి పోయిందా అంది. ఆయన నవ్వలేదు. నా డ్రెస్సు ఇంకా కాలేదు, వచ్చే వారం రమ్మన్నాడు. కుట్టేసిన డ్రెస్సు ఆయన వెనకాలే కొక్కేనికి వేలాడుతోంది.

మార్చి 5
పది ఇళ్ళు తిరిగాను. టీలు నాలుగు, పేర్లు సున్నా. అత్త బంగారమంటారు. ఏం చేసిందంటే వాతావరణం గురించి మాట్లాడతారు.

మార్చి 6, మధ్యాహ్నం
అత్త మోకాలు వాచింది. నెలదాకా మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. అయినా కట్టు కట్టుకుని సోమవారం ఒకావిడని ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుందట. ఇప్పుడు ఆవిడే రానని కబురు పెట్టింది. మీ అమ్మాయి పేర్లు రాసుకుంటోందట కదా అని.

మూడు నెలలు బతిమాలి ఒప్పించానే అంది అత్త. గొంతు పెంచలేదు, అదే భయం. అది ఆగే జబ్బు కాదు, నీలాగా తీరుబడిగా కూర్చోదు అంది. నేనే వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకుంటాను, ఎవరో చెప్పమన్నాను. పళ్ళసెట్టు తీసిమ్మని అడిగినట్టు చూసింది.

మార్చి 6, సాయంత్రం
బట్టలు మడతపెడుతూ అమ్మ చెప్పింది, తనూ ఒకప్పుడు అత్తతో ఆ బస్సెక్కిందని. ఎందుకని అడగబోయాను. అమ్మ టవల్ మడత విప్పి మళ్ళీ మడిచింది. అడగలేదు.

మార్చి 7
ఫారం ఖాళీగానే హెడ్మాస్టారికి తిరిగిచ్చేశాను. ఊరికి ఎంత పేరమ్మా అన్నారు. పేరు కాదు, సోమవారం బస్సులో ఒక సీటు నిండాలన్నాను. చదువుకున్నదానివి, బొత్తిగా లౌక్యం లేదన్నారు. నిజమే.

అక్కణ్ణించి టైలర్ షాపుకి. ఈ ఊళ్ళో దాన్ని మించిన మైకు లేదు. జనం నిండేదాకా బయటే నిలబడ్డాను. లోపలికెళ్ళి, ఎవరెవర్ని అడగాలో రాసుకున్న కాగితాలు చించి గుడ్డపీలికల డబ్బాలో వేశాను. సోమవారం అత్త బదులు బస్సులో నేనుంటానని, నాకు మతిమరుపు ఎక్కువని అందరికీ వినపడేలా చెప్పాను.

టైలర్ కత్తెర పక్కన పెట్టాడు. కొక్కేనికున్న డ్రెస్సు తీసి మడిచి ఇచ్చాడు.

మార్చి 8
రోజంతా అత్త పాఠాలే. కిటికీ సీటు వాళ్ళకివ్వాలి. వాళ్ళు మాట్లాడేదాకా నోరు మెదపకూడదు. నీకది కొంచెం కష్టమే అంది. డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగాలి.

ఎక్కేటప్పుడు ఇంకా మసకే, ఎవరూ చూడరు. వచ్చేటప్పుడు బస్టాండు నిండా జనం. ఇద్దరూ కలిసి దిగితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని అత్త ఒక స్టాపు ముందే, వంతెన దగ్గర దిగి నడిచొస్తుందట. మూడు కిలోమీటర్లు. ముప్పై ఒక్కేళ్ళు.

ఆ మోకాలు ఎక్కడ అరిగిందో ఇప్పుడు తెలిసింది.

వస్తుందా ఆమె, అన్నాను. నువ్వు వెళ్ళి కూర్చో అంది.

మార్చి 9, సాయంత్రం
మెయిల్ వచ్చింది. ఇంకా తెరవలేదు.

వంతెన దగ్గర దిగి నడిచొచ్చాను.