తాతయ్య పాఠాలకు కొత్త మాడ్యూల్

అమ్మడూ,

"ఏముంది అమ్మమ్మా, మాడ్యూల్ మళ్లీ బిల్డ్ చేశానంతే" అన్నావు. అంతే కాదు. నా కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మారగానే, కాలేజీ సర్వర్‌లోని మీ తాతయ్య పాఠాల రికార్డింగులను ఇక్కడికి చేరవేసే మాడ్యూల్ దానికి పొసగలేదు. మీ మామయ్య "పోయాయిలే అమ్మా" అని చేతులు దులుపుకున్నాడు. వాడికి దులుపుకోవడం ఒక్కటే వచ్చు. నువ్వు మొదట పాత కెర్నెల్‌కే కొలత తీసి, నాలుక కరుచుకుని, కొత్తదానికి మళ్లీ కట్టావు. ఇకపై కెర్నెల్ ఎప్పుడు మారినా మాడ్యూల్ తానే తయారయ్యేలా ప్యాకేజీ కూడా చేశావు. నిన్న ఆయన దగ్గి, గొంతు సవరించుకుని, పాఠం మొదలుపెట్టారు. నీ కడుపు చల్లగుండ!

వచ్చేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసుకురా. నా పాతవాటిలో ఎడమవైపు పలకడం లేదు. బతికుండగా ఆయన మాట ఒక చెవితోనే విన్నాను. ఇప్పుడు రెండూ కావాలి.

అమ్మమ్మ