అన్నీ ఒప్పుకున్న నాయన

ఆళ్లగడ్డ, మంగళవారం రాత్రి

శిల్పుల కోసం నేను రాసిన కరపత్రాన్ని ఇవాళ నాయన విగ్రహాలు చెక్కే షెడ్డులో ఆయనకు చదివి వినిపించాను. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పోయింది తిరిగి రాదు, నంద్యాల డాక్టరు నాయన ఎక్స్‌రేలో చూపించింది అదే; కాబట్టి మాస్కు కట్టుకోండి, విగ్రహం మీది దుమ్మును నోటితో ఊదకండి. కాదనడానికి ఎక్కడా సందు లేకుండా రాశాననుకున్నాను.

ప్రతి వాక్యానికీ "నిజమేమ్మా" అన్నాడు.

"మరి రేపట్నుంచి కట్టుకుంటావా నాయనా?"

"నువ్వు రాసినదాంట్లో తప్పు యాడుంది? బాగా రాసినావు," అంటూ కాగితం అందుకున్నాడు. దాని మీద పడిన దుమ్మును ఉఫ్‌మని ఊది, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పక్క గదిలో నాయన దగ్గు ఇంకా ఆగలేదు. ఒక్క మాటైనా కాదని ఉంటే, దాన్ని పట్టుకుని వాదించేదాన్ని. అన్నీ ఒప్పుకున్నాడే, ఇంకేం చెప్పి ఒప్పించను?