పైన నలభై, కింద రెండువందల తొంభై

పుప్పాలగూడ,
మంగళవారం

అమ్మా,

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు "తిన్నవా బిడ్డా" అనగానే చెప్పాల్సింది మింగేస్తాను. పదేళ్లుగా మింగుతూనే ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

నా పని నీకు తెలుసు, మిషన్లు ఎలా వాడాలో పుస్తకాలు రాయడం. ఇప్పుడు చేతిలో ఉన్నది సెలైన్ పంపు పుస్తకం, మూడువందల పన్నెండు పేజీలు. మా ఆఫీసులో ఒక అలవాటుంది. పుస్తకాన్ని అధ్యాయాలుగా పంచుకుని, ఎవరి ముక్క వాళ్లు చదివి "చూశాను" అని సంతకం పెడతాం. పెళ్లి వంటలో ఒకరు పప్పు, ఒకరు పులుసు రుచి చూసినట్టు. విస్తరి మొత్తం చూసేవాళ్లు లేరు.

నిన్న ఏదో అనుమానం వచ్చి ఫైలును తెర మీద అడ్డంగా రెండుగా విడగొట్టాను. ఫైలు ఒకటే. కానీ పై సగంలో నలభయ్యో పేజీని కదలకుండా ఆపి, కింది సగంలో ఎంత దూరమైనా పోవచ్చు. మావాళ్లెవరూ ఇది వాడరు. మౌసు తిప్పుకుంటూ పోతారు, చివరికి చేరేసరికి మొదట చదివింది మరిచిపోతారు. పైన ఇలా ఉంది: "అలారం మోగితే ట్యూబును క్లిప్పుతో బిగించి, ఆ తర్వాతే పంపు తలుపు తెరవండి." కింద రెండువందల తొంభయ్యో పేజీలో, నర్సులు మిషన్ మీద అతికించుకునే కాగితంలో: "తలుపు తెరిచి, ట్యూబు బిగించండి." అలా చేస్తే మందంతా ఒక్కసారిగా పేషెంటు ఒంట్లోకి పోతుంది.

మేనేజరు సరితగారికి చెప్పాను. "గురువారం ప్రింటుకెళ్లిపోవాలి నవనీతా. ముందు పేజీలో సరిగ్గానే ఉందిగా, ఇది తర్వాతి ఎడిషన్‌లో చూద్దాంలే అమ్మా" అన్నారు. ఆ వెనక పేజీలు మాతో పనిచేసే రాకేశ్‌వి. రేపు మీటింగులో రెండు పేజీలూ గోడ మీద వేసి అందరికీ చూపిస్తాను. సంతకం పెట్టను. ఉద్యోగం పోతే పోనీ.

ఎందుకంత పట్టుదల అంటే, నేను ఇంటర్‌లో ఉండగా నువ్వు నర్సుగా ఉన్న వార్డులో ఒక ముసలమ్మకు ఇలాగే ప్రాణం మీదికొచ్చింది. ఆమె బతికింది, నీకు మాత్రం మెమో ఇచ్చి బదిలీ చేశారు. "మిషిన్ మీద అతికిచ్చిన కాయితంల ఎట్లున్నదో గట్లనే చేసిన బిడ్డా, నువ్వన్న నమ్ము" అన్నావు. నేను నమ్మలేదమ్మా. మీ అమ్మ ఏం చేస్తుందని కాలేజీలో ఎవరైనా అడిగితే, ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. రెండేళ్లు అలాగే చెప్పాను.

నీ బిడ్డ
నవనీత


పుప్పాలగూడ,
గురువారం

అమ్మా,

నిన్న రెండు పేజీలూ గోడ మీద వేశాను. రాకేశ్ వైపు చూస్తూ గట్టిగానే మాట్లాడాను. అతను కోప్పడలేదు. "జర ఆ లైను ఎవరు రాసిన్రో చూడు నవనీతా" అన్నాడు, అంతే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఫైలులోనే ఉంటుంది. తెరిచాను. నా పేరే ఉంది. నిరుడు నేను చేరిన మొదటి నెలలో, ఏదో పాత పంపు పుస్తకంలోంచి చదవకుండా దించేశాను. రాకేశ్ తర్వాత వచ్చి సంతకం ఒక్కటే పెట్టాడు.

సరితగారు "ఎవరిదైతే ఏముందిలే" అని ఫైలు మూసేయబోయారు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఆ రోజు ఆ కాగితం రాసినవాళ్లు ఎక్కడో ఏసీ గదిలో ఊరుకున్నారు, మాట నీ మీద పడింది. "తప్పు నాదే. సరిచేసేదాకా పుస్తకం కదలకూడదు" అన్నాను.

ప్రింటు వారం రోజులు ఆగింది. ప్రమోషన్ల జాబితాలోంచి నా పేరు తీసేశారట. రాకేశ్‌కు క్షమాపణ చెప్పాను. ఇద్దరం కలిసి తెర విడగొట్టుకుని మొదటి నుంచి చదువుతున్నాం. "ఇంకెన్ని కాడ నీ పేరు బయటపడ్తదో" అని ఏడిపిస్తున్నాడు.

నీ మెమో, ఆ మిషన్ కాగితం నకలు బీరువాలో చీరల కింద దాచావని నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగి చదవలేదు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. రెండూ తీసి పెట్టు. పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. ఆ మెమోకు జవాబు నేను రాస్తాను.

నిన్ను ఆలస్యంగా నమ్మిన నీ బిడ్డ
నవనీత