బండ మీద ముగ్గు

మహదేవపుర, బెంగళూరు
24 అక్టోబరు 2025, శుక్రవారం

చిరంజీవి తమ్ముడు దేవరాజ్‌ను అక్క నేత్రావతి దీవించి రాస్తున్న ఉత్తరం. మరదలు రంజితకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాదను ఈసారికి పక్కన పెడుతున్నాను. ఇక్కడ క్షేమంగా లేం. ఫోను చేద్దామంటే నా నంబరు నువ్వు బ్లాక్ చేసి ఏడాది దాటింది. అందుకే, మదనపల్లెలో అమ్మమ్మ దగ్గరున్న ఏడాది మనిద్దరం దిద్దుకున్న తెలుగు అక్షరాలను మళ్ళీ బయటికి తీశాను. ఉత్తరం మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. పాపం, ట్యాంకరు పని మానుకుని జిగణి దాకా వస్తున్నాడు. గుమ్మంలోనే నిలబెట్టకుండా కాస్త కాఫీ ఇప్పించు. నీ కోపం నా మీద కదా.

బుధవారం వాన సంగతి టీవీలో చూసే ఉంటావు. టీవీవాళ్ళు రింగు రోడ్డు మీద తేలిన కార్లను చూపించారు. మన వీధిని చూపించలేదు. సాయంత్రం నేను మిషను ముందు కూర్చుని పెళ్ళివాళ్ళ జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను. నీళ్ళు వీధిలోంచి వస్తాయేమోనని గుమ్మానికి ఇసుక మూటలు అడ్డం పెట్టి ధీమాగా ఉన్నాను. అవి వెనకనుంచి వచ్చాయి. బాత్రూము తూములోంచి బుడబుడమంటూ నల్లగా పొంగాయి. వాననీళ్ళలా లేవు, వేలితో ముట్టుకుంటే జిడ్డు. ఇల్లంతా పెట్రోలు బంకు వాసన. అదేమిటా అని నేను తెల్లబోయి చూస్తున్నంతలో అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టడానికి అగ్గిపుల్ల తీసింది. ఎగిరి అగ్గిపెట్టె లాక్కున్నాను. పుల్ల గీసి కింద పడేసి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. కంపెనీవాళ్ళ డీజిల్ ట్యాంకు దగ్గర ఏదో పైపు ఊడిందట. తర్వాత తెలిసింది.

కంపెనీ అంటే నీకు అర్థమయ్యేట్టు చెప్పాలి, నువ్వు ఈ పక్కకు రావడమే మానేశావు కదా. నువ్వు నీ వాటా అమ్మినప్పుడు పెద్ద ఆఫీసు వస్తుంది, వీధికి కళ వస్తుంది అన్నారు. ఆఫీసు రాలేదు. పాత రంగుల ఫ్యాక్టరీ పడగొట్టిన జాగాలో కిటికీలే లేని కట్టడం ఒకటి లేచింది. లోపలంతా కంప్యూటర్లట. నీ వాటాలో జనరేటర్లను వరసగా నిలబెట్టారు. అవి మొదలైతే మన వంటింట్లో గిన్నెలు వాటంతట అవే గలగలమంటాయి. కంపెనీ తరఫున మనతో మాట్లాడడానికి చేతన్ అనే కుర్రాడు వస్తుంటాడు. చాలా మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడుస్తాడు. దేశంలో ఎవరు ఫోనులో ఏ ప్రశ్న అడిగినా జవాబు ఇక్కడినుంచే పోతుందని ఎంతో గర్వంగా చెప్పాడు. అయితే మా కొళాయిలో నీళ్ళెప్పుడొస్తాయో దాన్నే అడిగి చెప్పమన్నాను. నవ్వాడు. ఆ మిషన్లు వేడెక్కకుండా చల్లబరచడానికి వేసవంతా ట్యాంకర్లు వరస కట్టాయి. అందులో ఒకటి మీ బావదే. నీళ్ళు తోలే మనిషి పెళ్ళాన్ని, నేను బిందె పట్టుకుని పక్కవీధికి పోయాను. ఎవరికి చెప్పుకోను!

సరే, ఆ సాయంత్రం సంగతికి వస్తాను. షాకు కొడుతుందని మన వీధికి కరెంటు తీసేశారు. ఇటు మొత్తం చీకటి, అటు కంపెనీ పెళ్ళివారిల్లులా వెలిగిపోతోంది. నేను మోకాలి లోతు నీళ్ళలో జాకెట్ల మూట అటక మీదికి ఎక్కించి వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు.

అమ్మా అని అరుస్తూ, గోడలు పట్టుకుంటూ పరిగెత్తాను. కంపెనీ గేటు ముందు, నడుము లోతు నీళ్ళలో ఉంది మన అమ్మ. గేటు కాపలా ఉండే తిరుపాలు, పత్తికొండ పక్క మనిషి, ఆమె రెక్క గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఒక చేతిలో ముగ్గుపిండి డబ్బా తడవకుండా పైకెత్తి పట్టుకుంది. కాలితో నీళ్ళ అడుగున తడుముతోంది. తిరుపాలును అడుగుతోంది:

"ఈడ బండ ఉండాలప్పా. ఏడుండాది? కాలికి తగల్లేదే."

అమ్మకు మతి పోతోందని ఆ క్షణాన గట్టిగా అనుకున్నాను. ఆ ముగ్గు సంగతి నీకూ తెలుసు కదా. ఫ్యాక్టరీలో చీపురు పట్టిన రోజుల్లో, గేటు ముందు వాననీళ్ళు పోయే రాజకాలువె మీద పరిచిన ఆ సిమెంటు బండ కడిగి పొద్దున్నే ముగ్గేసేది. ఫ్యాక్టరీ మూతపడింది, ఉద్యోగం పోయింది, ముగ్గు మాత్రం మానలేదు. ఇప్పుడు అదే బండ కంపెనీ గేటు ముందు ఉంది, దాని మీదే వేస్తుంది. కార్లు తొక్కుకుంటూ పోతాయి. మిగతా కాపలావాళ్ళు విసుక్కుంటారు, తిరుపాలు ఒక్కడే చూడనట్టు అటు తిరిగి నిలబడతాడు. మన ఇంటి ముందు వెయ్యకుండా ఎవరి గేటు ముందో వెయ్యడం ఏమిటని నేను ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. డబ్బా తీసుకుని పోతుంది.

ఇక అసలు సంగతి రాస్తాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

మన ఇంటికీ కాలువకూ నడుమ మిగిలిన నేల, నాయన సమాధి ఉన్నది, కంపెనీకి కావాలి. కాలువ ఇప్పుడు మూతపడకుండా ఉన్నది ఆ కాస్త మేరే. దాన్ని కూడా బండలతో మూసి పైన ఇంకొన్ని జనరేటర్లు పెడతారట. గేటు దగ్గర మూసిన చోటే పూడిక పట్టి నీళ్ళు దిగక మన మీదికి ఎగదన్నుతుంటే, ఇదీ మూసేస్తే మన వీధి ఇంక ఉండదు. కాలువ శుభ్రం చెయ్యమని నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ప్రతి వేసవిలో కాలువలోంచి బురద ఎత్తి గట్టు మీద పోస్తారు, వాన రాగానే అదే బురద మళ్ళీ కాలువలోకి పోతుంది. వాళ్ళను ఆపడానికి నా దగ్గర మిగిలిందల్లా నాయన సమాధి. మా నాన్నను ఇక్కడ పూడ్చాం, కదిలించడానికి వీల్లేదని తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టాను. అది నిజంగా సమాధో, ఊరికే నిలబెట్టిన రాయో చూడాలని వాళ్ళు సోమవారం తవ్వడానికి వస్తున్నారు. వారసులిద్దరం సంతకం పెడితే తవ్వరట, రాయిని మర్యాదగా హొసకోటె పక్క శ్మశానానికి మారుస్తారట. ఆ కాగితం చేతన్ నీ దగ్గరికి తెచ్చాడని నాకు తెలుసు. నువ్వు ఇంకా పెట్టలేదని కూడా తెలుసు.

సాక్ష్యానికని చిన్నాయన చిక్కమునియప్ప దగ్గరికి పోయాను. అన్నను తన చేతుల మీదుగా పూడ్చిన మనిషి, ఒక్క మాట చెబితే ఎంత బలం! ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. తవ్వనివ్వొద్దు తల్లీ, మీరిద్దరూ సంతకం పెట్టేయండి అన్నాడు. కంపెనీవాళ్ళు ఈ ముసలాయన్ని కూడా బుట్టలో వేసుకున్నారా అని నోటికొచ్చినట్టు మాట్లాడి వచ్చాను.

తమ్ముడూ, నాయన మన చెరువుకు నీరుగంటి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో ఆయన పని. మనం మదనపల్లెలో ఉండగానే విషజ్వరంతో పోయాడు. మనం వచ్చేసరికి సమాధి మీద రాయి కూడా నిలబెట్టేశారు. ఆయన ముఖం నీకు గుర్తే లేదని ఒకసారి ఏడ్చావు. నాకు గుర్తున్నది కూడా భుజం మీది పార, తడిసిన పంచె, అంతే. ఆ తర్వాత మనం కాలువ గట్టున కూర్చుని, ఫ్యాక్టరీ బండ కింది నుంచి ఈరోజు ఏ రంగు నీళ్ళు వస్తాయని పందెం వేసుకునేవాళ్ళం, గుర్తుందా? నువ్వెప్పుడూ నీలం అనేవాడివి, ఎర్రవి వస్తే అలిగేవాడివి. అమ్మ మనల్ని చెయ్యెత్తి కొట్టింది జన్మలో ఆ ఒక్క ఆటకే. ఎందుకు కొట్టిందో తెలియక ఇద్దరం మంచం కింద దూరాం.

అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను. సంతకం పెట్టకు. సోమవారం పొద్దున రా. సమాధి తెరవాల్సి వస్తే కొడుకు చెయ్యే ముందు పడాలి, కొడుకే పాలు పొయ్యాలి. పరాయివాళ్ళు యంత్రంతో మన నాయన ఎముకలు గెలకడం నేను చూడలేను. పాలు, నెయ్యి, పూలు అన్నీ నేను తెస్తాను. నువ్వు చేతులు ఊపుకుంటూ వచ్చినా చాలు. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు, వచ్చి నా పక్కన నిలబడు.

ఇట్లు,
నీతో దెబ్బలాడినా నిన్ను తలవని రోజు లేని
అక్క నేత్రావతి

తాజా కలం: ఉత్తరం మడిచే ముందు అమ్మకు చదివి వినిపించాను. తన కొడుక్కి తనూ ఒక మాట చెబుతుందేమోనని. పాలు పొయ్యాలి అన్న చోట నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒట్టి మట్టికి నా కొడుకు చేత పాలు పోయిస్తావా? ఆడ మీ నాయన లేడే. ఆడ ఉండేది ఆయన పార, చెప్పులు, తువ్వాలు. ఆయన ఆ బండ కింద ఉండాడు."

దేవా, ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. జ్వరం అబద్ధం. ఆ ఏడాది ఫ్యాక్టరీవాళ్ళు లారీలు పోవడానికని కాలువను ఇరుకు చేసి పైన బండ పరిచారు. మొదటి పెద్ద వానకే దాని మూతి దగ్గర రంగుల సంచులు అడ్డం పడి, నీళ్ళు ఊరి మీదికి తిరిగాయి. నీరుగంటి కదా, పార తీసుకుని దిగాడు. సంచులు ఊడివచ్చాయి. నీళ్ళు ఆయన్ని కూడా లోపలికి లాగేశాయి. ఊరంతా అవతలి మూతి దగ్గర కాచుకుని కూర్చున్నారు. పార, చెప్పులు వచ్చాయి, మనిషి రాలేదు. లోపల పూడికలో ఇరుక్కున్నాడు. బండ పగలగొట్టండని అమ్మ ఫ్యాక్టరీ యజమాని కాళ్ళు పట్టుకుంది. లారీలు ఆగిపోతాయి, వానలు తగ్గాక చూద్దాం అన్నాడట. వానలు తగ్గాయి. చూడలేదు. ఆ రంగుల కంపులో ఇంకో వాసన ఎవరికీ తెలియలేదు. శవం దొరకని ఇంటి పిల్లనెవరు చేసుకుంటారు, పిల్లలకు చెప్పొద్దని పెద్దమనుషులే రాయి నిలబెట్టించారు. చిన్నాయన తవ్వి పూడ్చింది తువ్వాలునే. ఆ ముసలాయన్ని నేను అనరాని మాటలన్నాను.

ఫ్యాక్టరీలో చీపురు పని అడిగి మరీ ఎందుకు తీసుకున్నావని అమ్మను అడిగాను.

"అందరూ ఆయన మింద తొక్కుకుంటా పోతా ఉండ్రి. నేనన్నా ముగ్గు పెడదామని."

మనం రంగులకు పందెం కాసిన నీళ్ళు ఆయన మీదుగా వచ్చినవే. నాకు ఇంకా ఏడుపు కూడా రావడం లేదు. ఇలా కూర్చునే ఉన్నాను.

ఈ సంగతి నీకు చెప్పకుండా ఉత్తరం అంటించి పంపొచ్చు. చెబితే నా అర్జీ అబద్ధమని నీకు తెలిసిపోతుంది, నువ్వు ఆ మాట చేతన్ చెవిన వేసి నన్ను ఓడించొచ్చు. అయినా చెబుతున్నాను. నువ్వూ ఆయన బిడ్డవే.

సోమవారం ఆఫీసర్లు ఎలాగూ వస్తారు, తవ్వే యంత్రమూ వస్తుంది. ఎక్కడ తవ్వాలో వాళ్ళకు నేను చూపిస్తాను. రేపు పొద్దున అమ్మతోపాటు నేనూ గేటు దగ్గరికి పోయి, ఆ బండ మీద పేరుకున్న డీజిల్ బురద కడిగి వస్తాను. నువ్వు సమాధి దగ్గరికి కాదు, అక్కడికే రా. కొడుకు చెయ్యే ముందు పడాలని రాశాను కదా, ఆ మాట మార్చుకోను. పాలు నేను తెస్తాను. నువ్వు మాత్రం చేతులు ఊపుకుంటూ రాకు, గడ్డపార తీసుకురా.