తలుపు మీద రెండు కాగితాలు

పెర్నిక్,
ఆదివారం.

చిరంజీవి యావోర్‌కు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని ఉత్తరం మొదలుపెట్టే పని మీ అమ్మది. ఇప్పుడు అందరం అంటే నేనొక్కణ్ణే. కులాసాగానే ఉన్నాను. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను.

అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పొద్దున కాఫీ కాచింది. ఎడమ భుజం లాగుతోందంది. కిటికీలు తుడిచిన శ్రమ అనుకున్నాం. మధ్యాహ్నం చిక్కుడు గింజల సూప్ సగం తాగి పడుకుంది. "ఆ రేడియో కాస్త తగ్గించు లుబెన్, ఆ వార్తలేవో వాళ్లింట్లో చదువుకోమను" అంది. తగ్గించి వచ్చేసరికి లేదు. అంబులెన్సు వచ్చింది. చేయడానికేమీ లేక వెళ్లిపోయింది.

అంత్యక్రియలకు ఎవరెవరు వచ్చారని కూడా అడిగావు. అంతకుముందు నీ సినిమా సంగతి. మొహమాటం లేకుండా మంచీ చెడూ రాయమన్నావు కదా.

మంచి ముందు. బొగ్గు గనిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయే చోట నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. శవాలను లేపే ఆ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు, చెప్పకపోవడమే మేలైంది. నీ శవాలు అరవవు, బూట్లు ఈడ్చే చప్పుడే వినిపిస్తుంది. అది నీ తెలివి. రొట్టెల దుకాణంలోంచి మీ అమ్మ లేచిన శవంలా నడిచి రావడం కూడా బాగుంది. ఆ నడక కోసం ఇంట్లో కాలీడుస్తూ సాధన చేసింది, కూర కలుపుతూ కూడా. "పడటం బాగా పడ్డాను కదూ?" అని ఎన్నిసార్లు అడిగిందో. బాగా పడింది.

ఇక చెడు. హీరో తుపాకీలో గుళ్లు అయిపోవు. హెలికాప్టర్ కూలే చోట ఎవరు ఎటు పరిగెడుతున్నారో తెలియదు. కెమెరా వణికితే భయం పుట్టదు, తలనొప్పి పుడుతుంది. ఆ డాక్టరమ్మాయిని తెలివైనదని చెప్పి, తెరవకూడని ప్రతి తలుపూ ఆమె చేతే తెరిపించావు. ఇవి చిన్నవి. పెద్దది వేరే ఉంది. ఊరు ఊరంతా చస్తుంది, ఒక్కడు కూడా "ఈయన ఎవరు?" అని అడగడు. ఎవరికీ గొయ్యి తవ్వరు. ఏ తలుపు మీదా మరణ కాగితం ఉండదు. పోయినప్పుడొకటి, నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి, ఫోటోతో తలుపుకీ స్తంభానికీ కాగితం అంటించుకునే జనం మనం. మన ఊళ్లో సినిమా తీసి అదొక్కటీ మర్చిపోయావు.

లేదు, మర్చిపోలేదు. దాన్ని ప్రచారానికి వాడుకున్నావు.

విడుదలకు ముందు, ఈ ఊరి నుంచి నటించినవాళ్ల ఫోటోలతో నల్ల అంచు కాగితాలు ఎవరి తలుపు మీద వాళ్లవే అంటించారు. "నెవెనా. మన మధ్య లేరు. శుక్రవారం లేచి వస్తారు." అడుగున చీమతలకాయంత అక్షరాల్లో సినిమా హాలు పేరు. అది ప్రచారం వాళ్ల పని, నాకు తెలియదు అంటావు. ఆ ఫోటోలో మన వంటింటి పరదా ఉంది యావోర్. తీసింది నువ్వు.

కింది ఇంటి మింకా ఆ చిన్న అక్షరాలు చూడలేదు. ఆరు పూలు పట్టుకుని ఏడుస్తూ మెట్లెక్కింది. తలుపు తీసింది మీ అమ్మే.

"అయ్యో తల్లీ! నువ్వు చచ్చిపోయావు కదే!"

"పొయ్యి మీద మిరపకాయలు కాలుతున్నాయి, చావడానికి తీరికెక్కడే నాకు?"

"కింద తలుపు మీద రాసుందే!"

"బతికున్నదానికి చావు లెక్కన సరిసంఖ్యలో పూలు తెస్తారటే, దరిద్రం! ఒకటి నువ్వుంచుకుని ఐదు ఇలా ఇవ్వు. రా, కాఫీ తాగుదువు."

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేను నవ్వలేదు. "వాడి సినిమా ఆడాలి, ఊరుకో" అంది మీ అమ్మ. ఊరుకున్నాను.

నెల తిరక్కుండానే అదే తలుపు మీద అసలు కాగితం అంటించాను. బస్టాపులోనూ, ఆమె పనిచేసిన పోస్టాఫీసు గోడ మీదా అంటించాను. జనం చూసి నవ్వుకుంటూ పోయారు. మింకా ఇంటింటికీ చెప్పబోతే, "పోయినసారీ నువ్వే కదమ్మా ఏడ్చావు" అన్నారట. బస్టాపులో కాగితం మీద ఎవరో పెన్నుతో ఆమెకు కోరలు గీశారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. వచ్చింది నేను, మింకా, చర్చి ఫాదరు. పెళ్లికి ముందు నుంచీ ఈ ఊరి ఉత్తరాలు సర్దిన మనిషి ఆమె. పెట్టె మొయ్యడానికి మనుషులు చాలక గొయ్యి తవ్వినవాళ్లే పట్టుకున్నారు. నీకు విమానం అందలేదు, దానికి నేనేమీ అనను. దీనికి అంటాను. సినిమాలో ఆమెను పారతో కొట్టి పడేశారు. సరే, అది ఆమె సరదా పడి చేసింది. కానీ ఆమె నిజంగా పోతే ఎవరూ నమ్మకుండా చేశావు.

రెండో భాగం పోస్టరు మీద అమ్మ ఫోటో వేస్తే నివాళిగా ఉంటుందన్నావు. వద్దు. ఇంకోసారి అడగకు.

ఇంతవరకు రాయలేకపోయిన మాట ఒకటుంది. పోయిన వారం బజార్లో, పోస్టాఫీసు కిటికీ దగ్గర కూర్చునే వెల్కో ఎదురుపడ్డాడు. ఉల్లిపాయలు ఏరుకుంటూ, "ఏం లుబెనన్నా, వదిన లేచేదెప్పుడు? రెండో భాగంలోనేనా?" అన్నాడు. మంచివాడు. నిజంగానే తెలియదు. "కనుక్కుని చెప్తాలే" అన్నాను. అతనితో పాటు నవ్వాను కూడా. అతను నవ్వినంతసేపూ ఆమె ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. అది నాకు బాగుంది. ఇంటికొచ్చాక తెలిసింది, ఆమె పోయిందన్న మాట నా నోటితో నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదని. నీకు ఫోను చేసింది మింకా. ఊరికి చెప్పింది కాగితం. నీ మీద కోపం అప్పుడు ఇంకా పెరిగింది. నా మీదా పెరిగింది.

వచ్చే శనివారం నలభయ్యో రోజు. పంచడానికి గోధుమలు ఉడికించడం, రొట్టె కాల్చడం మింకా చూసుకుంటుంది. నువ్వు వస్తే కెమెరా లేకుండా రా.

ఈసారి కాగితం అంటించను. రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే వెళ్తాను. వెల్కో కిటికీ ముందు వరుసలో నిలబడతాను. నా వంతు వచ్చాక, వెనకవాళ్లకు కూడా వినబడేలా, నెవెనా చనిపోయిందని చెప్తాను.

ఇట్లు,
మీ నాన్న