గోడలో కన్నం

అన్నయ్యకు,

మేస్త్రి సిమెంటు కలుపుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. అందుకే క్షేమ సమాచారాలు పక్కన పెట్టి రాస్తున్నాను. ఇల్లు పంచుకున్నాం, మధ్యలో గోడ లేచింది, సరే. నా రౌటర్ నుంచి మీ వైపు వైఫై పెట్టెకి కేబుల్ వచ్చే ఆ కన్నం మాత్రం పూడ్పించకు.

"వాడి నెట్టు నాకెందుకు?" అన్నావట, వదిన చెప్పింది. నీకు వేరే కనెక్షన్ పెట్టడం నాకు గంట పని. వీధంతటికీ పెట్టేది నేనే కదా. నా బెంగ అది కాదు. నువ్వు లారీ దిగి ఇంట్లోకి రాగానే నీ ఫోను నెట్టు కోసం నా రౌటర్‌ని ఒక నంబరు అడిగి తీసుకుంటుంది. నా కంప్యూటర్లో దాని పేరు కనిపిస్తుంది. మనకు మాటల్లేని ఈ నెలల్లో నువ్వు క్షేమంగా చేరావని నాకు తెలిసేది అలాగే. అది చూశాకే నిద్ర పడుతుంది.

ఇంకో మాట. లోపల రౌటర్ ఒక్కో ఫోనుకి ఒక్కో నంబరు ఇచ్చినా, దాన్ని దాటేటప్పుడు అన్నీ ఒకే అడ్రసుతో వెళ్తాయి. జవాబులూ ఆ అడ్రసుకే వచ్చి, ఇక్కడ ఎవరివి వాళ్ళకి చేరతాయి. బయటివాళ్ళ లెక్కలో మనది ఇంకా ఒకే ఇల్లు.

ఈ కాగితం చుట్టి ఆ కన్నంలోంచే తోస్తున్నాను. చదివాక కేబుల్ ఒక్కసారి లాగు, చాలు. ఇటు పట్టుకుని కూర్చున్నాను.

నీ తమ్ముడు