అత్తమ్మ బొట్టు పెట్టిన వైరు

ఆదివారం, కోదాడ

ఈ రోజు మా పాత సౌండ్‌బార్ మళ్లీ నోరు విప్పింది! కొత్త టీవీకి ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటే లేదు. సౌండ్‌బార్‌కేమో అవి తప్ప ఇంకేమీ లేవు. టీవీ మాటలు సన్నగా వస్తున్నాయని అత్తమ్మ వారం నుంచి సీరియల్ చూడటమే మానేసింది. తప్పు టీవీది కాదేమో, ఆమె చెవులే మందగిస్తున్నాయేమోనని నాకు లోలోపల ఒకటే భయం.

పొద్దున సూర్యాపేట వెళ్లి, టీవీ సౌండ్‌ను ఆ ఎరుపు, తెలుపు పిన్నులకు అందించే కన్వర్టర్ డబ్బా, దాని వైరు తెచ్చాను. ఆ వైరులో సౌండ్ వెలుతురుగా వెళ్తుందట. ఒక కొస టీవీకి పెట్టి, నీళ్లు తాగొచ్చి, రెండోది డబ్బాకు బిగించాను. చప్పుడు లేదు. గంటసేపు సెట్టింగులన్నీ తిరగేసి, విసుగొచ్చి షాపతనికి ఫోన్ చేశాను.

"డబ్బాల వైరు పీకి కొస సూడక్కా. ఎర్ర లైటు రావాలె."

పీకాను. కొసకు పసుపు, దాని మీద కుంకుమ!

"నువ్వు నీళ్లకు పోయినప్పుడు గా వైరు కొస దీపం లెక్క వెలుగుతుండె. కొత్త సామాను గదా అని బొట్టు పెట్టిన. తప్పా బిడ్డా?" అంది అత్తమ్మ.

కోపం రావాల్సింది, పొట్ట పట్టుకుని నవ్వాను. తుడిచి పెట్టగానే ఇల్లంతా మోగిపోయింది. వంటింట్లోంచి అత్తమ్మ కేకేసింది.

"జర తక్కువ పెట్టవే, చెవులు పగులుతున్నయ్!"

తగ్గించలేదు. ఆ కేక ఇంకోసారి వినాలనిపించింది.